తలా రెండు పార్టీలు పంచుకుంటే ప్రాజెక్టు అయిపోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర. బీటెక్ చేసి, జర్మనీ తూర్పు భాగంలోని ఒక ఊళ్లో మాస్టర్స్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఎలక్టివ్‌గా జర్మన్ రాజకీయ పార్టీల మీద సెమినార్ తీసుకున్నాను. మా గ్రూపులో నలుగురం: ఒక జర్మన్ అబ్బాయి, ఒక టర్కీ అమ్మాయి, నేను, మా ఫ్లాట్‌లోనే ఉండే మన తెలుగు సీనియర్ అన్న. ఎనిమిది పార్టీలను తలా రెండు పంచుకున్నాం. వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీని ఎవరూ తీసుకోకపోతే అది నాకు వచ్చి పడింది. దాన్ని విమర్శిస్తూనే రాయాలా? మామూలుగా రాస్తే సమర్థించినట్టు అనుకుంటారా? నేను ఏం రాసినా జర్మన్ అబ్బాయి ‘అలా కాదు’ అంటాడు. అన్నేమో తన భాగం చాట్‌బాట్‌తో రాయించి పంపారు. అందులో ఎఫ్‌డీపీ ఇంకా ప్రభుత్వంలో ఉన్నట్టు ఉంది! ఆయన్ని ఏమీ అనలేను, నేను ఇక్కడ దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చింది ఆయనే. మార్కులు అందరికీ కలిపి ఇస్తారట. నెల రోజుల్లో ప్రెజెంటేషన్, ఆ తర్వాత పేపర్. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పంపకాన్ని రద్దు చేయించండి. మీరు రాసిన కష్టాల్లో సగం అక్కడి నుంచే మొదలయ్యాయి.

తలా రెండు పార్టీలు అనుకున్నప్పుడే మీ పేపర్ ఎలా ఉండబోతోందో తేలిపోయింది. పార్టీ ఎప్పుడు పుట్టింది, రంగేమిటి, నాయకుడెవరు, 2025లో ఎంత శాతం వచ్చింది అంటూ ఎనిమిది పరిచయ వ్యాసాలు వస్తాయి. వాటిని కలిపి కుట్టడానికి చివర్లో ఒక పేజీ ముగింపు. ఇలాంటివి మీ ప్రొఫెసర్ ప్రతి సెమిస్టర్‌లోనూ చూసే ఉంటారు. పైగా జర్మనీలో ఏ పార్టీనీ విడిగా చూస్తే అర్థం కాదు. ఇన్ని ఎన్నికల్లో ఒక్క పక్షానికి సగానికి మించి ఓట్లు వచ్చింది 1957లో మాత్రమే, అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అడెనవర్ నడిపిన సంప్రదాయవాద జంట పార్టీలు సీడీయూ, సీఎస్‌యూలకు. మిగతా కాలమంతా పొత్తులే. ఎవరితో కలుస్తుంది, ఎవరితో కలవనంటుంది అన్నది తెలిస్తేనే అక్కడ పార్టీ అంటే ఏమిటో తెలుస్తుంది. సీడీయూ ఒకరికి, ఎస్‌పీడీ ఒకరికి ఇచ్చేస్తే ఆ విషయం మీ నలుగురి మధ్యా జారిపోతుంది.

కాబట్టి పార్టీలను కాదు, ఒక ప్రశ్నను పట్టుకోండి. నన్నడిగితే నేను తీసుకునే ప్రశ్న ఇది: పార్టీ లోపల నిర్ణయం ఎవరిది?

ఈ ప్రశ్న అంటే నాకు ఇష్టం. ఎందుకంటే దీనికి తాజా ఉదాహరణ ఒకటి సిద్ధంగా ఉంది. 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలయ్యాయి. సీడీయూ, సీఎస్‌యూలకు కలిపి 28.5 శాతం, ఏఎఫ్‌డీకి 20.8, ఎస్‌పీడీకి 16.4, గ్రీన్స్‌కి 11.6, వామపక్ష పార్టీ డీ లింకెకి 8.8 వచ్చాయి. ఏఎఫ్‌డీతో కలిసేది లేదని మిగతావాళ్లంతా ముందే చెప్పేశారు కాబట్టి సీడీయూ, సీఎస్‌యూ, ఎస్‌పీడీ చర్చలకు కూర్చుని ఏప్రిల్ 9న 144 పేజీల ఒప్పందం బయటపెట్టాయి. ఇప్పుడు చూడండి. ఒకే కాగితం మూడు పార్టీలకు వెళ్లింది, మూడు చోట్లా మూడు రకాలుగా ఆమోదం పొందింది. సీఎస్‌యూలో మర్నాడే నాయకత్వం కూర్చుని సరే అంది. సీడీయూలో నెలాఖరుకు ప్రతినిధులతో ఒక చిన్న మహాసభ పెట్టి చేతులెత్తించారు. ఎస్‌పీడీ మాత్రం సభ్యులందరినీ అడిగింది. మూడున్నర లక్షల పైచిలుకు మందికి ఓటు హక్కు ఇస్తే 56 శాతం మంది ఓటేశారు, వాళ్లలో 84.6 శాతం ఒప్పుకున్నారు. సభ్యులు వద్దని ఉంటే ఆ ప్రభుత్వం అక్కడే ఆగిపోయేది.

ఎందుకీ తేడా? ఎస్‌పీడీ తన పుట్టుకను 1863 నాటి కార్మిక సంఘం నుంచి లెక్కపెట్టుకుంటుంది. నెలనెలా చందా కట్టే సభ్యుడే దాని ఆస్తి. ఇష్టం లేని పొత్తుకు నాయకులు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ భారాన్ని సభ్యులతో పంచుకోవడం 2013లో, 2018లో కూడా చేసింది. ఇందులో తమాషా కూడా ఉంది. 2019లో పార్టీ అధ్యక్ష పదవికి సభ్యుల ఓటు పెడితే ఓలాఫ్ షోల్జ్ జోడీ ఓడిపోయింది. పార్టీ నడపడానికి పనికిరాడని సభ్యులు పక్కన పెట్టిన మనిషి రెండేళ్లకే దేశానికి ఛాన్సలర్ అయ్యాడు. అటు సీడీయూలో, 2025లో ఛాన్సలర్ అయిన ఫ్రీడ్రిష్ మెర్త్స్ కథ ఇంకోలా నడిచింది. పార్టీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 2018లో, 2021 జనవరిలో మహాసభ ప్రతినిధులు ఆయన్ని ఓడించారు. అదే ఏడాది చివర సభ్యులందరినీ అడిగేసరికి మొదటి రౌండులోనే గెలిచాడు. ప్రతినిధులకూ మామూలు సభ్యులకూ మధ్య ఇంత దూరం ఎందుకు ఉంది? మీ పేపర్‌లో ఒక అధ్యాయానికి ఇదొక్కటే చాలు.

దీని వెనక చట్టం కూడా ఉంది. జర్మన్ రాజ్యాంగం 21వ అధికరణం పార్టీల గురించి నేరుగా మాట్లాడుతుంది. పార్టీ లోపలి నిర్మాణం ప్రజాస్వామ్య సూత్రాలకు లోబడి ఉండాలంటుంది, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో బయటికి చెప్పాలంటుంది. 1967లో దీనికోసం ప్రత్యేకంగా పార్టీల చట్టం చేశారు. హిట్లర్ అనుభవం తర్వాత రాసుకున్న నిబంధనలు ఇవి. నాయకుడి మాటే శాసనంగా నడిచే పార్టీ దేశాన్ని ఎక్కడికి తీసుకెళ్తుందో వాళ్లు చూశారు. మీ పేపర్ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచడం లేదు.

ఇక పని ఎవరెవరికి అంటారా? చట్టమూ పార్టీల నియమావళులూ జర్మన్‌లో చదవాలి, అది జర్మన్ అబ్బాయికి. ప్రభుత్వంలో ఉన్న మూడు పార్టీలు ఒప్పందానికి ఎలా ఒప్పుకున్నాయన్నది ఒకరికి. బయట ఉన్న పార్టీలు నాయకుల్నీ ఛాన్సలర్ అభ్యర్థుల్నీ ఎలా ఎంచుకున్నాయన్నది ఇంకొకరికి. అంకెలు, మ్యాపులు నాలుగో మనిషికి. ఈ నాలుగో పని గురించి తర్వాత చెప్తాను, దాని మీద నాకో ఆలోచన ఉంది. ఏఎఫ్‌డీ ఇప్పుడు ఒక్కరి నెత్తిన పడదు, ప్రతి భాగంలోనూ కొంత వస్తుంది.

అయినా మీరు అడిగిన అసలు సంగతి అదే కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం.

మీరు దాన్ని తిట్టనక్కర్లేదు. పొగడనూ అక్కర్లేదు. జర్మనీ బడుల్లో రాజకీయాల పాఠం చెప్పేవాళ్లకు 1976 నుంచి ఒక ఒప్పందం ఉంది, బోయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కుదిరింది. టీచరు తన అభిప్రాయాన్ని విద్యార్థి మీద రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని తరగతిలో కూడా వివాదంగానే చూపించాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. ఇది టీచర్లకు పెట్టిన పద్ధతే అయినా మీ ప్రొఫెసర్ కూడా ఆ గాలిలోనే పెరిగి ఉంటారు. మీ నుంచి ఆయన కోరేది తీర్పు కాదు, ఆధారం. అలాగని మెత్తగా రాయమని నేను అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలా గట్టిగానే ఉంటుంది.

ఉదాహరణకు, ఆ పార్టీని దేశ అంతర్గత నిఘా సంస్థ 2025 మేలో రైట్‌వింగ్ తీవ్రవాద సంస్థగా నిర్ధారించినట్టు ప్రకటించింది. పార్టీ కోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తుండగా ఆ ముద్రను వాడబోమని చెప్పి నిఘా సంస్థ దాన్ని తాత్కాలికంగా ఆపింది. ఈ మూడు వాక్యాలూ కలిసి ఉండాలి. మొదటిది మాత్రమే రాస్తే మీరు ఒక పక్షం, మూడోది మాత్రమే రాస్తే ఇంకో పక్షం. కోర్టు వ్యవహారం కదులుతూ ఉంటుంది కాబట్టి పేపర్ ఇచ్చే ముందు రోజు మళ్లీ చూసుకోండి. వలస వచ్చినవాళ్లను వెనక్కి పంపడం అన్న అర్థంలో వాడే ‘రీమిగ్రేషన్’ అనే మాట కూడా అంతే. 2025 జనవరిలో రీజా మహాసభలో పార్టీ నాయకురాలు అలీస్ వైడెల్ ఆ మాటను వేదిక మీద నుంచే పలికింది, పార్టీ ఎన్నికల ప్రణాళికలోకి కూడా అది వచ్చింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నారో రాయండి. దాని మీద మీరు విశేషణం తగిలించే పని లేదు.

మీ ప్రశ్నకు ఈ పార్టీ చరిత్ర బాగా పనికొస్తుంది కూడా. 2013లో, యూరో సంక్షోభంలో ఇచ్చిన బెయిలౌట్లకు ఎదురుతిరిగిన ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు ముందుండి పెట్టిన పార్టీ ఇది. ముందు నిలబడినవాడు బెర్న్‌డ్ లుకె. 2015లో ఎస్సెన్ మహాసభలో ఫ్రౌకె పెట్రీ చేతిలో ఓడి పార్టీ వదిలేశాడు. పెట్రీ 2017 ఎన్నికలు ముగిసిన వెంటనే వెళ్లిపోయింది. 2015 నుంచి ఆమెతో పాటు సహ అధ్యక్షుడిగా ఉన్న యోర్గ్ మోయ్‌తెన్ 2022లో వెళ్లిపోయాడు. నాయకుల్ని ఇలా ఒకరి తర్వాత ఒకరిని పోగొట్టుకుంటూ ఓట్లు మాత్రం 4.7 నుంచి 20.8 శాతానికి పెంచుకున్న పార్టీ ఇది. అందులో నిర్ణయం ఎవరిది? నాయకులదా, మహాసభకు వచ్చే కార్యకర్తలదా? దీన్ని బీఎస్‌డబ్ల్యూ పక్కన పెట్టి చూడండి. సారా వాగెన్‌క్నెష్ట్ 2024 జనవరిలో తన పేరుతోనే పెట్టుకున్న పార్టీ అది. సభ్యుల్ని వడపోసి, కొద్దికొద్దిగా చేర్చుకుంది. ఏఎఫ్‌డీలో జరిగింది తన దగ్గర జరగకూడదన్న భయం అందులో కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఇక మిగతా పార్టీలు దాని చుట్టూ కట్టిన గోడ. సీడీయూ 2018 మహాసభలో ఏఎఫ్‌డీతోనూ, డీ లింకెతోనూ పొత్తు ఉండదని తీర్మానం చేసింది. 2025 జనవరి 29న పార్లమెంటులో వలసల మీద మెర్త్స్ పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో కలిపి 348-344 తేడాతో నెగ్గింది. దేశమంతా గొడవ అయింది, సొంత పార్టీ మాజీ ఛాన్సలర్ మెర్కెలే బహిరంగంగా తప్పుపట్టింది. రెండు రోజుల తర్వాత అదే విషయం మీద వచ్చిన బిల్లు వీగిపోయింది. మహాసభ తీర్మానం పెద్దదా, నాయకుడి ఎత్తుగడ పెద్దదా? మళ్లీ మీ ప్రశ్న దగ్గరికే వచ్చాం.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్తాను. మీరుండేది తూర్పున. 2025లో బెర్లిన్ కాక ఉన్న ఐదు తూర్పు రాష్ట్రాల్లోనూ మొదటి స్థానం ఏఎఫ్‌డీదే. అంటే మీరు రోజూ బేకరీలో, ట్రామ్‌లో చూసే మనుషుల్లో దానికి ఓటేసినవాళ్లు చాలామందే ఉంటారు. వలస వచ్చిన మనిషిగా ఆ పార్టీ కాగితాలు రోజుల తరబడి చదవడం మీకు ఇబ్బందిగా ఉంటే, అది గ్రూపులో చెప్పడానికి మొహమాటపడకండి. ఎవరూ తీసుకోలేదన్న ఒక్క కారణంతో మీరే మోయాలని ఎక్కడా లేదు.

మన పార్టీలతో పోల్చాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. ఒక్క పేరాకు మించి వద్దు. ఆ పేరా మాత్రం గట్టిగా ఉండాలి. ‘సీడీయూ అంటే మన ఫలానా పార్టీ’ అన్న పోలికలు వదిలేయండి, అవి రెండో వాక్యానికే విరిగిపోతాయి. పోల్చదగ్గది ఒకటుంది. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. జర్మనీలో అలాంటి చట్టం లేదు. సభ్యుడు తన మనస్సాక్షికి మాత్రమే బద్ధుడని రాజ్యాంగం 38వ అధికరణం అంటుంది. పార్టీ మారినా సీటు పోదు. 2025 మే 6న పార్లమెంటు ఛాన్సలర్‌ని ఎన్నుకునేటప్పుడు ఏం జరిగిందో చూడండి. మెర్త్స్ పొత్తుకు 328 మంది ఉన్నారు, గెలవడానికి 316 చాలు. రహస్య ఓటింగ్‌లో మొదటిసారి వచ్చినవి 310. యుద్ధం తర్వాతి జర్మనీలో అలా మొదటి రౌండులో ఛాన్సలర్ అభ్యర్థి ఓడిపోవడం అదే మొదటిసారి. అదే రోజు మధ్యాహ్నం రెండో రౌండు పెట్టడానికి గ్రీన్స్, డీ లింకె కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. సీడీయూ తాను పొత్తు పెట్టుకోనని తీర్మానం చేసిన ఆ డీ లింకేనే! ఈసారి 325 వచ్చాయి. జారిపోయినవాళ్లు ఎవరో బయటపడలేదు. ఎమ్మెల్యేల ఫిరాయింపు కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లడం చూసిన తెలంగాణ, ఆంధ్ర పాఠకులకు ఇది వింతగా ఉంటుంది. ఆ వింతే మీ పేరా.

జర్మన్ అబ్బాయి విషయం చిన్నది. ‘అలా కాదు’ అన్నప్పుడల్లా ‘ఏ డాక్యుమెంట్‌లో ఉంది, లింక్ పెట్టవా?’ అని అడగండి. కోపంగా కాదు, మామూలుగా. ఉంటే మీకు లాభం, లేకపోతే అతనే తగ్గుతాడు. ఆ దేశంలో పుట్టినంత మాత్రాన అన్నీ తెలిసి ఉండాలని లేదు. మనలో ఎంతమంది రాజ్యసభ ఓట్ల లెక్క చెప్పగలరు? 2023లో వాళ్లు ఎన్నికల చట్టం మార్చి సీట్లను 630 దగ్గర ఆపేశారు. దానివల్ల 2025లో నియోజకవర్గంలో మొదటి స్థానంలో వచ్చి కూడా 23 మందికి సీటు రాలేదు. అది ఎలా జరిగిందో వివరించమని అతన్ని అడగండి. తడబడితే ఇద్దరూ కలిసి చదువుకుంటారు, స్నేహం కూడా కుదురుతుంది.

ఇప్పుడు మీ అన్న.

ఆయన చేసింది చిన్న తప్పు కాదు. ఎఫ్‌డీపీ నాయకుడు క్రిస్టియాన్ లిండ్నర్‌ని షోల్జ్ ఆర్థికమంత్రి పదవి నుంచి తీసేసింది 2024 నవంబరు 6న. ఆ రాత్రితోనే ఆ ప్రభుత్వం కూలింది, ఎన్నికలు ముందుకొచ్చాయి. తర్వాత ఎఫ్‌డీపీకి 4.3 శాతమే వచ్చి, సీట్లు రావాలంటే దాటాల్సిన ఐదు శాతం గీత దాటలేక బుండెస్టాగ్ (జర్మన్ పార్లమెంటు) బయటే ఉండిపోయింది. పార్టీల మీద పేపర్‌లో ఇది తప్పు పోతే మిగతా పేజీల్ని కూడా ప్రొఫెసర్ అనుమానంగానే చదువుతారు. ఇంకో సంగతి. పేపర్ చివర ఇది మా సొంత పని అని సంతకం పెట్టిస్తారు. చాట్‌బాట్ వాడకం మీద యూనివర్సిటీకో నియమం ఉంది, మీది చదవండి. కాపీ విషయంలో జర్మనీ ఎంత పట్టుదలగా ఉంటుందో చెప్పడానికి మీ సబ్జెక్టులోనే ఉదాహరణలున్నాయి. పీహెచ్‌డీలో కాపీ కొట్టారన్న వివాదంలో సీఎస్‌యూ రక్షణమంత్రి గుట్టెన్‌బెర్గ్ 2011లో, సీడీయూ విద్యామంత్రి షవాన్ 2013లో, ఎస్‌పీడీ మంత్రి గిఫాయ్ 2021లో పదవులు వదిలారు. మూడు పార్టీల వాళ్లూ ఉన్నారు, పక్షపాతం ఏమీ లేదు.

కానీ ఈ లిస్టు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టకండి. గ్రూప్ చాట్‌లో అస్సలు అనొద్దు, అక్కడ మిగతా ఇద్దరి ముందు ఆయన పరువు పోతుంది, ఆ తర్వాత ఇంట్లో మీకు ఊపిరాడదు. ఇంట్లోనే, తెలుగులోనే అడగండి. ‘అన్నా, ఎఫ్‌డీపీ గురించి ఈ పేరాలో తేదీ తేడాగా ఉంది. ప్రెజెంటేషన్‌లో సార్ దీని మీద అడిగితే నలుగురం ఇరుక్కుంటాం. ఒక గంట ఇద్దరం కూర్చుందామా?’ అంటే చాలు. చాట్‌బాట్ మాట మీరు ఎత్తకండి, ఆయనకు అర్థమవుతుంది. చాలాసార్లు ఇలా చేసేవాళ్లు బద్ధకంతో చేయరు. పార్ట్‌టైమ్ షిఫ్టులు, ఇంటి ఈఎంఐ, రాని జర్మన్, వీటి మధ్య రాత్రి పన్నెండుకు దొరికిన దారి అది.

అంకెల పని అన్నాను కదా, అది ఆయనకివ్వండి. 299 నియోజకవర్గాల ఫలితాలను కేంద్ర ఎన్నికల అధికారి కార్యాలయం ఫైళ్లుగా వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఎవరైనా దింపుకోవచ్చు. మన ఇంజినీరింగ్ వాళ్లకు అది ఒక సాయంత్రం పని. తూర్పు, పడమరల మ్యాపు గీయొచ్చు. బీఎస్‌డబ్ల్యూకి 4.98 శాతం వచ్చి, సుమారు 9,500 ఓట్ల తేడాతో బయట ఉండిపోయింది. అది లోపలికి వచ్చి ఉంటే సీడీయూ, ఎస్‌పీడీలకు కలిపి మెజారిటీ ఉండేది కాదు. అప్పుడు సీట్లు ఎలా పంచేవారో లెక్కగట్టి చూపించమనండి. వాక్యాలు రాయడం రాక చాట్‌బాట్ దగ్గరికి వెళ్లిన మనిషి లెక్క దగ్గర మీ అందరికంటే ముందుంటాడేమో. ‘ఇది నీకే వచ్చు అన్నా’ అని చెప్పి ఇవ్వండి, అది అబద్ధం కూడా కాదు.

ఇంత చేసినా ఆయన మారకపోతే? ఎయిర్‌పోర్టుకు వచ్చిన రుణం పెద్దదే. ఇంట్లో ఆయన వంట వంతు రోజున మీరు వండిపెట్టండి, డిపాజిట్‌కి డబ్బు తక్కువైతే సర్దండి. మీ సంతకం కింద ఆయన కాపీ చేసిన పేజీలు పెట్టడం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఇక గ్రేడు. అందరికీ కలిపి అని మీకు ఎవరు చెప్పారు? చాలా యూనివర్సిటీల పరీక్షా నియమాల్లో, గ్రూపు పని అయినా ఎవరి భాగం ఏదో విడిగా గుర్తించేలా ఉండాలని ఉంటుంది. మీ కోర్సు నియమాల పీడీఎఫ్ తెరిచి చూడండి. తర్వాత ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో నలుగురూ కలిసి వెళ్లండి. ఫిర్యాదుగా కాదు, ప్రశ్న మార్చుకుంటామని చెప్పడానికి. ‘పార్టీలవారీగా కాకుండా, 2025 ఒప్పందానికి ఏ పార్టీలో ఎవరు ఆమోదం ఇచ్చారన్న దాని మీద రాస్తాం, భాగాల పక్కన పేర్లు వేస్తాం, సరేనా?’ అని అడగండి. ప్రెజెంటేషన్‌కి నెల ఉందంటున్నారు కాబట్టి ఈ వారమే వెళ్లండి. వెళ్లేముందు ఒక పేజీ రాసి ఈమెయిల్ చేయండి. ఆ పేజీ మీరే రాయండి, జర్మన్ అబ్బాయికి వదలొద్దు.